కోడె దేవుని మీద ఒట్టు

ఇటు జరగండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. వాకిట్లో నిలబడ్డ ఆవిడ కూడా లోపలికి వచ్చి కూర్చోవాలి. చేతిలో ఫోనుంటే బోర్లించి అవతల పెట్టండి. ఇది దాని చెవిన పడకుండా చెప్పుకోవాల్సిన ముచ్చట.

పోయిన వారం కిష్టవ్వను ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? రేకులపల్లె మహిళా సంఘం బిల్డింగు గడప మీద. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లక్సెట్టిపేట దాటి గోదారి వైపు దిగితే వచ్చే ఊరే రేకులపల్లె. సర్పంచి సీటు ఈసారి ఆడవాళ్లకు పడింది. జలపతిరావు దొర తన కోడలు మమతారాణిని నిలబెట్టాడు. ఊరి గుట్టను కంకర మిషన్ వాళ్లకు అప్పగించాలంటే సర్పంచి సంతకం కావాలి. ఆ సంతకం తన ఇంట్లోనే ఉండాలని ఆయన కోరిక. గుట్ట పగిలితే గొర్లకు మేత పోతుంది, చెరువులోకి దిగే వాగు పోతుంది అంటూ కిష్టవ్వ ఎదురు నిలబడింది. ఐదో తరగతి కూడా దాటని మనిషి. బీడీలు చుట్టి కొడుకు కరుణాకర్‌ను మస్కట్ పంపిన మనిషి. ఆమెకు ఎన్నికల గుర్తేం వచ్చిందంటారు? కత్తెర! తునికాకు కత్తిరించే కత్తెర. ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లంతా "మన చేతిల ఉన్నదే గదా" అని మురిసిపోయారు.

పోలింగు రేపు పొద్దున. ఇవాళ పగటి అన్నాల వేళకు లస్మవ్వ ఫోనులోకి ఒక మాటల ముక్క వచ్చి పడింది. దాన్ని విన్న ఆడవాళ్లు ఒడిలోని చాటలు దించి పక్కన పెట్టి, సంఘం బిల్డింగుకు నడిచారు. కిష్టవ్వను రమ్మని కబురు చేశారు. ఇగ వినండి.

కిష్టవ్వ రెండో కాలు కూడా లోపల పెట్టింది. పదకొండు మంది ఉన్నారు. ఎవరూ "రా కూసో" అనలేదు. ఆ ఊళ్లో ఆ మాట అనకపోవడమంటే తలుపు మొహాన వేసినట్టే. కోడలు అలేఖ్య ఆమె వెనకే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

నడుమ చాప మీద ఫోను పెట్టి ఉంది. దాని ముందు లస్మవ్వ. కిష్టవ్వ, లస్మవ్వ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్లుగా వచ్చారు. ఒకే కార్ఖానాలో ఆకు తెచ్చుకున్నారు, ఒకరి కట్టలో బీడీలు తక్కువైతే ఇంకొకరు నింపి పంపుకున్నారు. లస్మవ్వ మొగడు పోయి తొమ్మిదేండ్లు. చేతివేళ్లు వంకర్లు పోయాయి, ఇప్పుడు రోజుకు మూడు వందల బీడీలు కూడా చేయలేదు. పింఛనే ఆమెకు పొయ్యి, పింఛనే ఆమెకు మందుగోలి.

"ఇను" అన్నది లస్మవ్వ. వేలితో నొక్కింది.

"గీ బీడీల ఆడోళ్లు ఎటు పోతరే? నాకే గుద్దుతరు ఓట్లు. గెలిచినంక సూడు, పింఛన్ల లిస్టుల సగం పేర్లు కొట్టేపిస్త. అందరికి పంచుకుంట కూసుంటే మనకేం మిగుల్తది? ఎములాడ రాజన్న మీద ఒట్టు, గెలిచిన తెల్లారే ఆ పని జేస్త."

అది కిష్టవ్వ గొంతే. ఏమాత్రం అనుమానం లేదు. పొగాకు దుమ్ము నలభై ఏండ్లు పీల్చిన గొంతు, మాట చివర చిన్నగా ఎగపోసే ఊపిరి, నవ్వేముందు వచ్చే ఆ ఖంగుమనే దగ్గు, అన్నీ ఉన్నాయి. తన గొంతు తనకు ఎదురుగా చాప మీద కూర్చుని తనను తిట్టించే మాటలు అంటుంటే, కిష్టవ్వ వంగి ఆ ఫోను దగ్గరికి చెవి పెట్టింది. ఒక్క క్షణం, అమ్మా, ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది. ఎప్పుడన్నా అన్నానా? జ్వరంలోనో, నిద్రలోనో?

"నా పేరు గూడ కొట్టేపిస్తవా కిష్టవ్వా?" అన్నది లస్మవ్వ. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గది నా గొంతే. కానీ నేను అనలే."

"నీ గొంతేనట, నువ్వు అనలేవట!" వెనక నుంచి ఎవరో వెటకారంగా అన్నారు. "మరి నీ గొంతు నిన్నిడిసి ఎటన్న ఊరేగవోయిందా?"

"మిషిన్ తోటి జేసిండ్రు పెద్దమ్మా" అన్నది అలేఖ్య. మంచిర్యాలలో డిగ్రీ చదివిన పిల్ల. "అత్తమ్మ ఇరవై దినాలు మైకుల మాట్లాడింది. గదంత ఎవలో ఒకలు ఫోన్ల వట్టుకున్నరు. అర నిమిషం గొంతు దొరికితే చాలు, ఏదంటే గది అనిపిస్తరు."

"నువ్వు ఆమె కోడలివి. ఆమె దిక్కే మాట్లాడ్తవు."

వెనకటి రోజుల్లో ఊళ్లోకి మాట రావాలంటే సిద్దిరాములు డప్పు మీదే రావాలి. ఒకసారి ఆయన కంట్రోలు చక్కెర మంగళవారం అనబోయి సోమవారం అని చాటింపు వేశాడు. సోమవారం ఊరంతా సంచులు పట్టుకుని పోయి, షాపుకు తాళం చూసి, నేరుగా సిద్దిరాములు ఇంటికి వచ్చి కూర్చుంది. పాపం, ఆయన పెండ్లాం అంతమందికీ చాయ్ పోసి పంపింది. అప్పట్లో అబద్ధానికి కూడా ఒక ఇల్లుండేది. పోయి తలుపు కొట్టి, ఎందుకన్నావు, ఎవరనమన్నారు అని అడిగేవాళ్లం. చాప మీద ఉన్న ఈ మాటకు ఇల్లు లేదు. కరీంనగర్‌లో జలపతిరావు అన్న కొడుకు విక్రాంత్ నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నాడని అందరూ అంటారు. కానీ ఈ ముక్క ఆ గదిలోంచే వచ్చిందని ఎవరు చూశారు? ఎవరి నుంచి వచ్చిందని లస్మవ్వను అడిగితే మరదలు పంపిందంటుంది. మరదలినడిగితే జగిత్యాల చుట్టాలంటుంది. జగిత్యాల వాళ్లకు ఇంకెవరో.

కిష్టవ్వ ఏదో అనబోయింది. అప్పుడు మూలన ముక్కుపొడి పీలుస్తూ కూర్చున్న శంకరవ్వ చెయ్యెత్తింది. ఆ గదిలో అందరికంటే పెద్దది ఆమె.

"మల్లొక్కపారి పెట్టు."

పెట్టారు.

"ఒట్టు ఎవల మీద పెట్టింది?"

"ఎములాడ రాజన్న మీద పెద్దవ్వా."

"ఎవలు? గీ కిష్టవ్వనా? గా పేరు ఎత్తిందా?"

ఎవరో ముక్కులోంచి 'ఫుస్సు'మని నవ్వారు. ఇంకొకరు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

సంగతేమిటంటే, కిష్టవ్వ పెనిమిటి పేరు రాజం. ఆ వయసు ఆడవాళ్లు మొగని పేరు నోటితో తీయరు. పేరే కాదు, ఆ పేరు కలిసే ఏ మాటా తీయరు. మరి వేములవాడ దేవుడు రాజన్న కదా! అందుకని నలభై ఒక్క ఏండ్లుగా ఆమె ఆయన్ను 'కోడె దేవుడు' అంటుంది. మొక్కున్న వాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పుతారు కాబట్టి ఆ పేరు పెట్టుకుంది. ఊళ్లో ఇంకెవరూ అలా అనరు. ఒకసారి రేషన్ కార్డు రాయడానికి వచ్చిన సారు మొగని పేరు చెప్పమంటే "కోడె దేవుని పేరే సారూ" అన్నదట. ఆయన ఎక్కడి మనిషో, కోడయ్య అని రాసుకుని పోయాడు. ఆరేండ్లు ఆ ఇంట్లో బియ్యం కోడయ్య పేరు మీదే వచ్చాయి.

"మిషిన్‌కు ఎరుకెట్లుంటది" అన్నది శంకరవ్వ. "గది ఊరందరి ఒట్టు పెట్టింది. దీని ఒట్టు పెట్టలే."

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి రాజం వచ్చాడు. అన్నం చల్లారిపోతుందని పిలవడానికి వచ్చినవాడు, లోపలి మాటలు విని చెప్పుల్లోనే ఆగిపోయాడు. మాట తక్కువ మనిషి.

"ఏంది, నా పేరు తీసిందా?"

"ఆమె తీయలే బావా, ఫోను తీసింది!"

"నలభై ఒక్క ఏండ్లల్ల ఒక్కపారి పిలవలే" అన్నాడు రాజం తల గోక్కుంటూ. "మిషిన్ల వడ్డంక పిలిచింది. ఇంకోపారి పెట్టుండ్రి, ఇంట."

ఇంక చూడండి నవ్వులు! చాపలు ఎగిరిపోయేంత నవ్వులు. కిష్టవ్వ "నీ ముఖం తగలెయ్య, పోరాదు ఇంటికి" అని మొగణ్ణి కసురుతూనే తానూ నవ్వింది. లస్మవ్వ మాత్రం నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటూ లేచి వచ్చి కిష్టవ్వ చెయ్యి పట్టుకున్నది.

"నమ్మిన గదనే దాన్ని. పాపపుదాన్ని, నమ్మిన."

"నువ్వే గాదు, జరసేపు నేనే నమ్మిన. ఊకో."

"అత్తమ్మా" అన్నది అలేఖ్య ఫోను తీస్తూ, "గిదే మాట వీడియోల చెప్పు. ఊరందరికి పంపుదాం. ఎవ్వలు ఇగ నోరు మెదపరు."

అందరూ "అవ్ అవ్" అన్నారు. అందులో ముప్పుందని ఎవరికి తోస్తుంది చెప్పండి? నిజం చేతికి దొరికితే ఊరికి పంచాలనే అనిపిస్తుంది. కిష్టవ్వను నడుమ కూర్చోబెట్టారు. వెనక శంకరవ్వ, ఆ పక్కన కళ్లు తుడుచుకుంటూ లస్మవ్వ. కిష్టవ్వ కొంగు సర్దుకుని ఫోను కళ్లలోకి చూసింది.

"రేకులపల్లె అన్నలారా, అక్కలారా. మీ ఫోన్ల తిరుగుతున్న ముక్క నాది గాదు. గా పేరు నేను ఎత్తనని ఊరందరికి ఎరుకే. నేను ఒట్టు పెడితే కోడె దేవుని మీద పెడ్త. గా కోడె దేవుని మీద ఒట్టు, నేను ఎవ్వల పింఛను ముట్ట. గుట్టను గూడ ఎవ్వలను ముట్టనియ్య."

ఊరి గ్రూపులో ఆరు వందల మందికి పైగా ఉన్నారు. నొక్కగానే పోయింది. బొటనవేళ్లు, దండాలు, చప్పట్లు వరసగా పడ్డాయి. ఎవరో నవ్వే బొమ్మలు కూడా పెట్టారు, రాజం కోసం. శంకరవ్వ తన ఇంటి నుంచి చాయ్ తెప్పించింది. ఆ చాయ్ తాగినంత సేపు, ఇంకో అరగంట, ఊరు కిష్టవ్వదే. రేపు ఎవరు ఏ వాడకట్టు వాళ్లను తోలుకుపోవాలి, నడవలేని ముసలివాళ్లను ఎవరి ఆటోలో ఎక్కించాలి అని లెక్కలు కూడా వేసుకున్నారు.

అప్పుడు లస్మవ్వ ఫోను ఠింగుమన్నది. వెంటనే ఇంకో ఫోను. ఇంకోటి.

ఈసారి ముక్క చిన్నది. గొంతు గుసగుసగా ఉంది, పక్కవాళ్లు వింటారేమోనని భయపడుతున్నట్టు.

"అలేఖ్యా, వీడియో మంచిగొచ్చిందానె? నమ్మిండ్రా? గా లస్మవ్వ జూడు, ఎట్ల ఏడ్సుకుంట కూసున్నదో. గట్లనే ఏడ్వనీ. కోడె దేవుని మీద ఒట్టు, గెలిచినంక మొదలు దాని పేరే కొట్టేపిస్త."

చాయ్ గ్లాసు ఎవరి చేతిలోంచో జారింది. తీయడానికి ఎవరూ వంగలేదు.

లస్మవ్వ మెల్లగా లేచింది. కిష్టవ్వ చేతిలో ఉన్న తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడామె కళ్లల్లో నీళ్లు లేవు.

"మొదటిది నీది గాదన్నవు. గా పేరు ఎత్తింది గాబట్టి నువ్వు గాదన్నవు. మేం గూడ అవునన్నం."

"లస్మవ్వా..."

"మరి గిదెవలు? కోడె దేవుడనేది ఊళ్లె నువ్వొక్కదానివే గదా కిష్టవ్వా?"

"నేను గిప్పుడే చెప్పిన గదనే! ఊరందరి ముంగట, వీడియోల..." కిష్టవ్వ మాట అక్కడే తెగిపోయింది. తన నోటితో తాను ఏం చేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. దొంగ గొంతుకు ఒక్కటే కొరత ఉండేది. ఆ కొరత ఏమిటో, ఎట్లా పూడ్చుకోవాలో కూర్చుని విడమరిచి చెప్పింది తనే. లస్మవ్వ ఏడ్చింది కూడా వాళ్లు ఆ వీడియోలోనే చూశారు.

"మనమే నేర్పినం అత్తమ్మా" అన్నది అలేఖ్య.

గ్రూపులో అప్పుడే రాతలు మొదలయ్యాయి. అలేఖ్య ఒక్కోటీ చదువుతుంటే ఆడవాళ్లు వింటున్నారు. 'మొదటిది డుప్లికేట్. రెండోది అసలు.' 'ఆమెనే చెప్పింది కదా, నా ఒట్టు ఇట్ల ఉంటదని.' 'కోడలు కూడ కలిసింది.' తన నిజమే తన మీద సాక్షి అయి కూర్చుంది. ఇట్లాంటి సాక్ష్యాన్ని ఏ కోర్టులో కొట్టేయిస్తారు?

వెనక వరసలోంచి ఇద్దరు లేచి చెప్పులు వేసుకున్నారు. ఇంకొకామె వాళ్ల వెంట లేచింది. లస్మవ్వ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఎన్నేండ్ల స్నేహమో, కాలు సాగలేదు.

"ఒక్క మాట చెప్త, ఇను. నీ కొడుకు తోటి చెప్పియ్యి. గల్ఫుల ఉన్న మన పోరగాండ్లందరు కరుణాకర్ మాట ఇంటరు. గాళ్లు ఇండ్లకు చెప్తరు. నీ కొడుకు 'మా అవ్వ గట్ల అనది' అంటే నేను నమ్ముత. కోడె దేవుడు, గీడె దేవుడు నాకొద్దు. కరుణాకర్ చెప్పాలె."

అది న్యాయమైన మాటే. ఆ ఊళ్లో ఇంటికొకరు మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో, కువైట్‌లోనో ఉన్నారు. రెండేండ్ల కింద లస్మవ్వ తమ్ముడు అక్కడ లేబర్ క్యాంపులో గుండె ఆగి చనిపోతే, డ్యూటీ మానుకుని ఆఫీసుల చుట్టూ పదిహేడు రోజులు తిరిగి, శవాన్ని ఊరికి చేర్చింది కరుణాకరే. ఆ నాటి నుంచి అతను ఏం చెప్పినా గల్ఫులోని రేకులపల్లె వాళ్లు కాదనరు. ఓట్లకు ముందు రోజు వాళ్లంతా ఇంటికి ఫోను చేసి, ఎవరికి వేయాలో చెప్పడం కూడా ఆ ఊళ్లో అలవాటే.

కిష్టవ్వ ప్రాణం లేచి వచ్చింది. "గిప్పుడే జేస్త. నీ ముంగటనే జేస్త, కూసో."

ఫోను చేసింది. రెండుసార్లు మోగి, కట్ అయింది. మళ్లీ చేసింది. ఈసారి మోగగానే కట్ అయింది.

"డ్యూటీల ఉన్నడేమో" అన్నది అలేఖ్య, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

కిష్టవ్వ మైకు గుర్తు నొక్కి పట్టుకుంది. అది మాత్రం ఆమెకు బాగా వచ్చు, రోజూ చేసే పనే. "బిడ్డా కరుణాకరూ, నేను అవ్వను. ఈడ నా మీద ఏవో లేనిపోని మాటలు పుట్టిచ్చిండ్రు బిడ్డా. జర ఫోనెత్తు. లస్మవ్వ పిన్ని గూడ ఈడనే ఉన్నది."

రెండు గీతలు పడ్డాయి. నీలం రంగుకు తిరిగాయి. విన్నాడు. ఆడవాళ్లంతా మళ్లీ లోపలికి వచ్చి, ఆ చిన్న అద్దం చుట్టూ తలలు చేర్చారు. జవాబు వచ్చింది.

"గట్టిగ పెట్టు, అందరం ఇంటం" అన్నది లస్మవ్వ.

కరుణాకర్ గొంతు. కోపంతో వణుకుతోంది.

"ఏయ్, నువ్వెవలవో గానీ, మా అవ్వ గొంతు తోటి నాకు మాట్లాడకు. సిగ్గు శరం ఉన్నదా మీకు? మా అవ్వ ఇప్పుడే కొత్త నంబరుకెల్లి చెప్పింది నాకు. పాత నంబరు దొంగలు వట్టుకున్నరట, అచ్చం నా లెక్కనే మాట్లాడుతరు, వీడియో ఫోను జేసినా నమ్మకు బిడ్డా అన్నది. ఏడ్సింది మా అవ్వ! మా అవ్వ గొంతు నాకు ఎరుకలేదా? పోటీల నుంచి తప్పుకున్న, మమతారాణికే వెయ్యుమని అందరికి చెప్పు అన్నది. నేను చెప్పేసిన. మీ ఆటలు ఇగ సాగయి."

అలేఖ్య ఫోను గుంజుకుంది. "ఏమయ్యా, నేను అలేఖ్యను. గా కొత్త నంబరు అవ్వది గాదు. నా ఎదురుంగ ఉన్నదే అవ్వ. నీకు దండం వెడ్త, గా మాట ఎనుకకు తీసుకో."

నీలం గీతలు. జవాబు రావడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"నా పెండ్లాం గొంతు గూడ తీసిండ్రా? థూ!"

అలేఖ్య మళ్లీ ఏదో చెప్పి పంపింది. ఈసారి ఒక్క గీతే పడింది. అద్దం మీద కొడుకు ఫొటో ఉండే చోట ఇప్పుడు బూడిద రంగు గుండ్రటి బొమ్మ ఒక్కటే ఉంది. కిష్టవ్వ దాన్ని వేలితో రుద్దింది, దుమ్ము పట్టిందేమోనన్నట్టు. కొడుకు తలుపు మూసేశాడని అలేఖ్యే ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

కిష్టవ్వ నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఏ మాట చెబితే తాను తానే అవుతుంది? చెప్పిన ప్రతి మాటా పోయి ఆ ఇంకో కిష్టవ్వ గొంతులో చేరుతుంది. ఇరవై రోజులు మైకు ముందు తడబడని మనిషి, చుట్టూ ఉన్న పదకొండు మొహాలూ చూస్తూ తెరిచిన నోరు మూసుకుంది.

లస్మవ్వ ఆమె వైపే చూస్తోంది. నమ్మాలని ఉంది ఆమెకు, ఆ కళ్లల్లో తెలుస్తోంది. పెదవి కదిలింది, ఏదో అనబోయింది.

అంతలో లస్మవ్వ చేతిలో ఫోను మోగింది. కువైట్ నుంచి అల్లుడు. గుమ్మం దగ్గరున్నామె కొంగులో ఇంకోటి మోగింది. శంకరవ్వకు మనవడు దుబాయ్ నుంచి చేశాడు. ఒకటి, ఇంకొకటి, నాలుగు, ఏడు. సంఘం బిల్డింగు గోడలు అదిరేటట్టు గల్ఫు ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే ఎత్తి చెవికి పెట్టుకుని, "ఆఁ... అవునా?... గట్లనా?" అంటూ బయటికి నడిచారు.

గది నడుమ కిష్టవ్వ ఒళ్లో ఉన్న ఫోను ఒక్కటే మోగలేదు.

ఇంతవరకు విన్నది మనసులో గట్టిగా కట్టి పెట్టుకోండమ్మా. రేపు మీ వదినెకో, పక్కింటి పిల్లకో, ఒక్క మాట కూడా తప్పిపోకుండా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం వాళ్ల ఇంటికి నడిచి పోయి, ఎదురుగా కూర్చుని, వాళ్లు మీ మొహం చూస్తుండగా చెప్పండి.